మీదే సంఘమమ్మా?

రాత్రి ఒంటిగంట దాటింది. బయట వాన. నాన్న పోయి అప్పటికి గంటన్నర. అమ్మ మంచం పక్కన నేలమీదే కూర్చుంది. ఏడవడం లేదు, నాన్న చేతిని మాత్రం వదలడం లేదు. నేను వరండాలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి ఫోన్లు చేస్తున్నాను. నాలుగో ఫోనెత్తిన పెద్దాయన నిద్రలో లేచి కూడా ఎంతో మర్యాదగా మాట్లాడారు. ‘అయ్యో... ధైర్యంగా ఉండమ్మా. ప్రార్థన చేస్తాం’ అన్నారు. ఆ తర్వాత ఒక్కటే ప్రశ్న అడిగారు.

‘ఇంతకీ మీదే సంఘమమ్మా?’

జనాన్ని ప్రశ్నలడగడమే నా ఉద్యోగం. ఆ చిన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

చర్చి అంటే బయటివాళ్లకు కనిపించేది భవనం. సంఘం అంటే ఆ భవనంలో కూర్చునే మనుషులు... ఒకరికొకరు పేరుపేరునా తెలిసినవాళ్లు. ప్రతి సంఘానికీ ఒక రిజిస్టరు ఉంటుంది. ఎవరు చేరారు, ఎవరికి బాప్తిస్మం ఇచ్చారు, ఎవరి పెళ్లయింది, ఎవరు ఊరు మారారు, ఎవరు పోయారు... అన్నీ అందులో ఉంటాయి. పెళ్లికి ముందు ఆదివారం ఆరాధనలో చాటింపు వేసేదీ సంఘమే, చివరికి సమాధుల తోటలో ఆరడుగుల చోటు చూపించేదీ సంఘమే. నగరంలో ఆ తోటలు ఇరుకైపోయాయి. సొంత సభ్యులకే చోటు చాలడం లేదు. కాబట్టి ఆ పెద్దాయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మా దగ్గర జవాబు లేకపోవడమే తప్పు. అది కూడా అమ్మానాన్నల తప్పు కాదు, నాది.

అది 2018 ఆగస్టు. అంతకు మూడేళ్ల ముందు నాన్న స్కూలు మాస్టారుగా రిటైరై, అమ్మను తీసుకుని నా దగ్గరకు వచ్చేశారు. మాది పాయకరావుపేట. తాండవ నదికి ఇవతల పేట, అవతల తుని. వచ్చేటప్పుడు రెండు ట్రంకు పెట్టెలు, ఒక హార్మోనియం, ఒక కవరు తెచ్చుకున్నారు. ఆ కవర్లో ఉన్నది సంఘం ఇచ్చిన లెటరు. స్కూలు మారే పిల్లాడికి టీసీ ఎలాగో, ఊరు మారే క్రైస్తవ కుటుంబానికి ఈ లెటరు అలాగ. ఫలానా కుటుంబం ఇన్నాళ్లూ మా సంఘంలో ఉంది, మంచి సాక్ష్యం కలవారు, వీరిని మీలో చేర్చుకోండి... అని రాసిస్తారు. అందులో మా ముగ్గురి పేర్లూ ఉన్నాయి.

వచ్చిన వారానికే నాన్న అడిగారు, ‘లెటరు ఎక్కడిద్దామమ్మా?’ అని.

‘చూద్దాంలే నాన్నా, తొందరేముంది? ఇక్కడ బోలెడు చర్చిలున్నాయి’ అన్నాను.

అబద్ధమేమీ కాదు. జ్ఞానాపురంలో సెయింట్ పీటర్స్ కేథడ్రల్ ఉంది. పాతనగరంలో రాస్ కొండ మీద మేరీమాత గుడి ఉంది. దాని పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకన్న. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో సెయింట్ పాల్స్ ఉంది. తమిళుల ఆరాధన, మలయాళీల ఆరాధన, ఇంగ్లిషు ఆరాధన, ఏసీ హాళ్లు, రేకుల షెడ్లు, మేడమీద గదులు... ఆదివారం పొద్దున ఈ ఊళ్లో ఏ వీధిలో నడిచినా ఎక్కడినుంచో ఒక డోలక్ వినపడుతుంది. నేను 2012లో ఉద్యోగానికి వచ్చినప్పటి నుంచీ వాటన్నిటికీ వెళ్లేదాన్ని. పాటలకు ఒకచోటికి, ప్రసంగానికి ఇంకోచోటికి, బండి పెట్టుకోవడానికి వీలుందని మరోచోటికి. బయటికొచ్చాక ‘ఈ వారం వాక్యం బాగుంది కానీ కాస్త సాగదీశారు’ అని తీర్పు చెప్పేదాన్ని. సినిమా రివ్యూ రాసే పేజీ మా ఆఫీసులో నా పక్క సీటే. ఆ గాలి సోకిందేమో!

అమ్మానాన్నలు వచ్చాక వాళ్లనూ అలాగే తిప్పాను. కూర్మన్నపాలెం నుంచి బస్సులో గంటసేపు సిటీలోకి. గేటు దగ్గర నిలబడినవాళ్లు ‘వందనాలండీ’ అని నవ్వుతూ చెయ్యి కలిపేవారు. మూడో వారం వెళ్లినా మొదటివారం నవ్వే. వాళ్లనీ అనలేం, వెయ్యిమందిలో ఎవరు కొత్తో ఎవరు పాతో ఎలా తెలుస్తుంది? అమ్మ మాత్రం ఒకరోజు బస్సులో అంది, ‘అందరూ బాగానే పలకరించారు. నా పేరు ఎవరూ అడగలేదు’ అని. పేటలో అమ్మ స్త్రీల సమాజానికి పన్నెండేళ్లు కోశాధికారి. కోతపండుగ నాడు గుమ్మడికాయలూ కోళ్లూ వేలం పాడుతుంటే డబ్బు లెక్క రాసేది అమ్మే. అలాంటి మనిషి ఇక్కడ వెనక కుర్చీలో కూర్చుని, ఆమెన్ చెప్పి, బస్సెక్కేది.

నాన్న మాత్రం రెండు మూడు నెలలకొకసారి అడిగేవారు, ‘లెటరు...?’ అని. తర్వాత అడగడం మానేశారు. కవరు ఆయన బైబిల్లోనే ఉండిపోయింది.

నిజానికి అంతకుముందే నాకు ఒక హెచ్చరిక వచ్చింది. నేనే పట్టించుకోలేదు. 2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసిన రోజు. అది ఆదివారం. చర్చిలకు ఎవరూ వెళ్లలేదు. నేను ద్వారకానగర్‌లో హాస్టల్ గదిలో తలుపుకి మంచం అడ్డంపెట్టి కూర్చున్నాను. సాయంత్రానికి కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోను పనిచేయడం లేదు. మర్నాడు ఆఫీసుకు నడిచి వెళ్తే మా డీటీపీ ఆపరేటర్ ఒక మాట చెప్పాడు. గాజువాక వైపు వాళ్ల చిన్న సంఘంలో పెద్దలు పొద్దున్నే సభ్యుల జాబితా పట్టుకుని, పడిపోయిన చెట్ల మీదుగా ఇల్లిల్లూ తిరిగారట. ఎవరి పైకప్పు లేచిపోయింది, ఎవరింట్లో పసిపిల్లలున్నారు, ఎవరికి మందులు కావాలి... రాసుకున్నారట. దాన్ని ‘తుపానులో మానవత్వం’ అని బాక్స్ ఐటెమ్‌గా రాసిచ్చాను కూడా. రాస్తున్నప్పుడు ఒక్క క్షణం అనిపించింది... నేను వెళ్లే అయిదారు చర్చిల్లో దేని జాబితాలోనూ నా పేరు లేదు కదా, నేనా గదిలోనే ఉండిపోతే ఎవరొచ్చి చూసేవారు? ఐటెమ్ పేజీలో పడిపోయింది. ఆ ఆలోచనా అక్కడితో పోయింది.

మళ్లీ ఆ వానరాత్రి దగ్గరకు వస్తాను.

అయిదో ఫోన్ పేటకు చేశాను. మా పాత సంఘం కార్యదర్శి ఎత్తారు. నాన్న దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడే. నేను ఏడుస్తూ ‘అన్నయ్యా, మేం లెటరు తీసేసుకున్నాం కదా. తోటలో చోటిస్తారా?’ అని అడిగాను. అటునుంచి ఒక్క నిమిషం మాట లేదు. తర్వాత ‘ఏటమ్మా ఆ మాటలు? లెటరిచ్చాం గానీ, అందిందని అక్కడి సంఘం నుంచి జవాబు రాలేదు కదా. జవాబు రాందే పేరు కొట్టెయ్యం. మాస్టారు ఇంకా మన రిజిస్టర్లోనే ఉన్నారు. తీసుకొచ్చెయ్యండి’ అన్నాడు.

నా నిర్లక్ష్యమే ఆ రాత్రి మమ్మల్ని కాపాడిందనుకోవాలేమో. దానికి సంతోషించాలో సిగ్గుపడాలో ఇప్పటికీ తెలియదు.

తెల్లవారేసరికి మా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు దిగాయి. నేను చెప్పలేదు. రెండు వీధుల అవతల ఒక చిన్న ప్రార్థన మందిరం ఉంది, ఆకుపచ్చ గేటు. మూడేళ్లుగా దాని ముందునుంచే బస్టాపుకు నడిచాం, ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. కుర్చీలు అక్కడివి. వాటి వెనకే అరవై దాటిన ఒకావిడ, చేతిలో టీ ఫ్లాస్కు. అమ్మ పక్కన కూర్చుని గ్లాసు చేతికిచ్చింది. నేను ‘మేం మీ సంఘం కాదండీ’ అన్నాను, ఎందుకన్నానో మరి. ‘సంఘం కాకపోతే ఏటమ్మా, వీధి ఒకటే కదా. తాగు’ అంది. అంబులెన్సులో పేట దాకా మాతో వచ్చింది. అమ్మ పేరు అడిగింది.

పేటలో బండి ఆగేసరికి గంట మోగుతోంది. మా సంఘం కెనడా బాప్టిస్టుల నాటిది. వాళ్లు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి తర్వాత తుని వైపూ వచ్చారు. మా తాత చిన్నప్పుడు కొట్టిన గంటే అది. వానలో గోనెసంచులు కప్పుకుని కుర్రాళ్లు గొయ్యి తవ్వి, నీళ్లు తోడి సిద్ధంగా ఉంచారు. మూడేళ్లుగా నాన్నను చూడనివాళ్లు. ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు.

తిరిగొచ్చాక ఆదరణ కూడిక కూడా అయిపోయాక, అమ్మ నాన్న బైబిల్లోంచి కవరు తీసి నా చేతిలో పెట్టింది. ‘ఈ ఆదివారం ఇచ్చెయ్’ అంది. ఎక్కడ అని అడగలేదు. ఇద్దరం నడుచుకుంటూ ఆకుపచ్చ గేటు లోపలికి వెళ్లాం.

ఇంతవరకూ చదివి, అది స్వర్గంలాంటి చోటనుకుంటే పొరపాటే. పాస్టరయ్యగారు మంచివారు కానీ ప్రసంగం మొదలుపెడితే వాచీ చూడరు. మా ముందు వరుసలో పెద్దాయన ప్రతి పాటా తనకు నచ్చిన శ్రుతిలో పాడతారు. కొత్త మైకు సెట్టు కొనాలా, కాంపౌండు గోడ కట్టాలా అన్న గొడవ ఏడాదిన్నర నడిచింది. ఒక మీటింగులో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. పాత అలవాటైతే నేనూ మర్నాడే ఇంకో చర్చి చూసుకునేదాన్ని. కానీ లెటరు ఇచ్చేశాం కదా! ఆ ఇద్దరిలో ఒకరింటికి కేకు పట్టుకుని వెళ్లే పని స్త్రీల సమాజం నాకే అప్పజెప్పింది. గంటన్నర ఆయన కోపమంతా విన్నాను. ఇష్టంలేని మనిషి ఎదురుగా గంటన్నర కూర్చోవడం నాకు అదే మొదటిసారి. రెండు నెలలకు ఆయన వచ్చారు. గోడ ఇంకా సగమే లేచింది.

అప్పుడే పౌలు ఉత్తరాలు మళ్లీ చదివాను. చిన్నప్పుడు సండే స్కూల్లో బట్టీపట్టినవే. అవి ఎక్కువ భాగం ఫలానా ఊళ్లో ఫలానా సంఘానికి రాసినవని, అందులో నిజం మనుషులున్నారని అప్పుడెప్పుడూ తట్టలేదు. కొరింథులో ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కారు. ఉన్నవాళ్లు ముందే తినేసి లేనివాళ్లను పస్తు పెట్టారు. ఫిలిప్పీలో యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీలకు పడకపోతే, పేర్లు పెట్టి మరీ కలిసుండమని బతిమాలాడు. క్షమించమనీ, ఓర్చుకోమనీ, భారం పంచుకోమనీ ఆయన చెప్పినప్పుడల్లా పక్కనే ‘ఒకరినొకరు’ అనే మాట ఉంటుంది. వారానికో చర్చి తిరిగేవాళ్లకు క్షమించాల్సినంత పరిచయం ఎవరితో ఉంటుంది? ఫోన్లో ప్రసంగం వినేవాళ్లకు పక్కవాడి పాట ఎందుకు ఓర్చుకోవాల్సి వస్తుంది? నా విశ్వాసంలో సగం అప్పటిదాకా వాడకుండా అటకమీద ఉందన్నమాట.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్ లీకైంది. పన్నెండుమంది చనిపోయారు. అప్పటికి లాక్‌డౌన్, చర్చిలు మూసే ఉన్నాయి. నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే కార్యదర్శిగారు ఫోన్ చేశారు. ‘మన సంఘం వాళ్లు గోపాలపట్నం వైపు రెండు కుటుంబాలున్నారమ్మా. నంబర్లు చెబుతాను, నువ్వు చెయ్యి. నాకు కళ్లు సరిగా కనపడవు’ అన్నారు. మొదటివాళ్లు ఎత్తారు. రెండోవాళ్లు ఎత్తలేదు. పది నిమిషాలకోసారి చేస్తూనే ఉన్నాను. ఆరోజు నాకు ఆఫీసులో పని లేకపోలేదు... రాష్ట్రం మొత్తం మా ఊరి వార్త కోసం చూస్తోంది. ఎనిమిదిన్నరకు ఆవిడ ఎత్తింది. చీకట్లో పిల్లల్ని బండెక్కించుకుని పెందుర్తి వైపు పారిపోయారట, ఫోను హడావుడిలో సంచిలో పడిపోయిందట. ‘మీరు పందొమ్మిదిసార్లు చేశారక్కా’ అని ఏడ్చింది. ఆమెతో అంతకుముందు నేను రెండు ముక్కలు మాట్లాడి ఉంటానేమో, అంతే. హుద్‌హుద్ నాటి నా బాక్స్ ఐటెమ్ అప్పుడు గుర్తొచ్చింది.

2021 జనవరిలో స్టీలుప్లాంటు ప్రైవేటీకరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక మా ఆరాధన రంగు మారింది. ఒకే బెంచీ మీద యూనియన్ మనిషి, ఆఫీసరు, కాంట్రాక్టు కార్మికుడు కూర్చుంటారు. బయట టెంటులో ఒకరి అభిప్రాయం, లోపల క్యాబిన్లో మరొకరిది. ప్రార్థన విన్నపాలు చెప్పే సమయంలో ఒకతను లేచి, పని పోయిందని, పిల్ల ఫీజు కట్టాలని చెప్పాడు. ఆ తర్వాత ఎవరు ఎంతిచ్చారో తెలియదు. కానుక పెట్టె పక్కన ఒక బియ్యం డబ్బా మాత్రం ఉంటుంది. వచ్చేవాళ్లు గుప్పెడో సోలెడో వేస్తారు. అవసరమున్నవాళ్ల ఇంటికి అది చీకటిపడ్డాక వెళ్తుంది. ఎవరింటికో తెలిసేది ఇద్దరికే. ఆ డబ్బా పెట్టించింది ఫ్లాస్కు ఆంటీ.

ఇందులో ఇంకో వైపూ ఉంది. సంఘమంటే ఉమ్మడి కుటుంబమే... ఆదరణతోపాటు ఆరాలూ ఉంటాయి. ‘ఇంకా పెళ్లి ఊసెత్తవేం?’ అని నన్ను అడగనివాళ్లు మా చర్చిలో తక్కువ. కులాన్ని గేటు బయట వదలని సంఘాలున్నాయి. సంఘాన్ని సొంత ఆస్తిలా చూసుకునే కాపరులూ ఉన్నారు. లెక్కలడిగితే వెలివేసే చోట, భయపెట్టి డబ్బు గుంజే చోట, ఆడపిల్లకు రక్షణ లేనిచోట ఉండమని నేనెవరికీ చెప్పను. అక్కణ్నుంచి బయటికి రావాలి. నేను చెప్పేది అలాంటి గాయమేమీ లేకుండానే, కేవలం కట్టుబడటం ఇష్టంలేక తిరిగే నాలాంటివాళ్ల గురించి.

పోయినేడాది కార్యదర్శిగారి చూపు మరీ మందగించింది. పాత రిజిస్టరు చెదలు పట్టిందని, కొత్తదాంట్లోకి ఎక్కించమని నాకిచ్చారు. ‘పేపరులో రాసేదానివి కదా, దస్తూరీ బాగుంటుంది’ అన్నారు. కంప్యూటర్ వచ్చాక నా దస్తూరీ ఎలా ఏడ్చిందో ఆయనకు కనపడదు కాబట్టి సరిపోయింది.

నెల రోజులు పట్టింది. ఇన్నేళ్లలో విశాఖ గురించి ఎన్నో ఫీచర్లు రాశాను. ఆ రిజిస్టరు చెప్పినంత నాకెవరూ చెప్పలేదు. ‘వచ్చిన ఊరు’ అని ఒక గడి ఉంది. పలాస, బొబ్బిలి, రాయగడ, సాలూరు, జయపురం, రాజమండ్రి... ‘పని’ అనే గడిలో పోర్టు కళాసీ, షిప్‌యార్డు వెల్డరు, రిఫైనరీ, రైల్వే, నర్సు, స్టీలుప్లాంటు. 1933లో పోర్టు తెరిచినప్పటినుంచీ ఈ ఊరు వలస వచ్చినవాళ్లది. 1941లో షిప్‌యార్డుకు పునాది పడింది. 1957లో రిఫైనరీ. 1966లో ‘విశాఖ ఉక్కు’ కోసం ప్రాణాలిచ్చినవాళ్ల తర్వాత 1971లో స్టీలుప్లాంటుకు శంకుస్థాపన. ఒక్కో సైరన్‌కు ఒక్కో అల జనం. ఊరు వదిలొచ్చినవాళ్లకు ఊరు కావాలి. పెళ్లికి వంటపాత్రలు ఇచ్చేందుకు, కాన్పుకు తోడొచ్చేందుకు, శవం మోసేందుకు నలుగురు కావాలి. ఆకుపచ్చ గేటు లోపల వాళ్లు ఆ ఊరు కట్టుకున్నారు.

ఆమాటకొస్తే ఇక్కడికి 1805లో వచ్చిన లండన్ మిషనరీ సొసైటీవారు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ కూడా వలస వచ్చినవాళ్లే. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడితో కలిసి సువార్తల్ని తెలుగులో పెట్టే పనిలో దిగారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు పోయారు. మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. పుస్తకం చూడకుండానే వాళ్లిద్దరూ పోయారు, పని మిగిలినవాళ్ల చేతుల్లో పూర్తయింది.

రిజిస్టర్లో ‘రిమార్కులు’ గడి చాలా పొదుపుగా ఉంటుంది. ‘బదిలీ’. ‘దుబాయ్’. ‘మృతి’. ‘తిరిగి వచ్చారు’. ఒకచోట కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేసి, మళ్లీ రాసి ఉంది. మైకు గొడవలో వెళ్లిపోయినాయన!

నూటపన్నెండో కుటుంబం మాది. అమ్మ పేరు, నా పేరు. లెటరు తేదీ 2015. చేరిన తేదీ 2018. వాటికి పైన, మొదటి వరుసలో, పెన్సిలుతో నాన్న పేరు. ఎదురుగా వివరాలేవీ లేవు. నాన్న ఈ సంఘంలో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. పొరపాటేమోనని రిజిస్టరు పట్టుకుని కార్యదర్శిగారి ఇంటికి వెళ్లాను.

‘నీ లెటర్లో మూడు పేర్లున్నాయి కదమ్మా. ఇద్దరినే ఎక్కిస్తే పేటవాళ్లకు లెక్క తప్పినట్టుండదా?’ అన్నారు. ‘ఆయన సమాధి అక్కడుంది, పేరు అక్కడిదే. అందుకే పెన్ను పెట్టలేదు. ఇప్పుడు తీసెయ్యమంటే తీసెయ్.’

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ రిజిస్టరు తీసుకుని ఆ వరుస మీద వేలితో రాసి చూసుకుంది. కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ చదివింది. పెన్ను నాకిచ్చింది.